పాదం పట్టి చూసేవాళ్ళేరీ?

ఇప్పుడు కాలి మీద ఏం లేచినా ముందు ఫోన్ తీస్తున్నారు. మా వీధి కుర్రాళ్ళు నా దగ్గరికి వచ్చేదీ అలాగే. "తాతయ్యా, ఇదేంటో చెప్పవా" అంటూ అరికాలి ఫోటో ముఖాన పెడతారు. కాలు చాపరా, చూస్తానంటే వెనక్కి జరుగుతారు. ఫోటోలో చర్మం గీతలు సరిగా కనపడవు, గట్టితనం తెలియదు, ఎక్కడ నొక్కితే నొప్పో అసలే తెలియదు. అదే ఫోటో ఇంకెవరికో పంపుతారు. వాళ్ళు చెప్పిన మందు తెప్పించుకుని పది రోజులు రాస్తారు, పోలేదని మానేస్తారు, ఇంకొకటి మొదలుపెడతారు, చివరికి విసుగెత్తి ఎక్కడో కాల్పించుకుని వస్తారు. కొన్నాళ్ళకి అదే చోట మళ్ళీ లేస్తుంది. కొందరికి చుట్టూ పిల్లలు కూడా పెడుతుంది. అప్పుడు "ఈ పులిపిర్లకి మందే లేదు తాతయ్యా" అంటారు. మందు లేకపోవడమేమిటి? ఉన్న మందుని మూడు నెలలు వరసగా రాసినవాడు లేడు గానీ.

నేను తాలూకా ఆసుపత్రిలో కంపౌండరుగా చేరింది 1970ల మొదట్లో. మా డ్రెస్సింగు గదిలో బెంచీ ముందు ఒక ఎత్తుపీట ఉండేది. రోగి బెంచీ మీద, కాలు పీట మీద. చేలోంచి నేరుగా వచ్చినవాళ్ళవి మట్టికాళ్ళు. ముందు సబ్బునీళ్ళతో కడిగి, తుడిచి, కిటికీ వెలుతురులోకి తిప్పి చూస్తేగానీ మా డాక్టరు గారు మందు సీసా మూత తీయనిచ్చేవారు కాదు. పెద్దవాళ్ళు మొహమాటపడేవాళ్ళు. "వద్దు బాబూ, నా కాళ్ళు నువ్వు పట్టుకోవడమేంటి" అని ముసలమ్మలు కాళ్ళు ముడుచుకునేవాళ్ళు. "ఆసుపత్రిలో ఆ లెక్కలుండవమ్మా, చాపు" అనేవాణ్ణి. అలా పట్టి చూస్తే సగం రోగం అక్కడే తేలిపోయేది.

ఎందుకంటే అరికాలి మీద లేచేవన్నీ ఒకటి కావు. ఆనెకాయకీ పులిపిరికాయకీ తేడా తెలియకుండా మందు రాస్తే ఏడాది గడిచినా ఫలితం ఉండదు. తిన్నగా పైనుంచి నొక్కితే నొప్పి అన్నాడంటే ఆనె అయివుండొచ్చు. రెండు వేళ్ళతో పక్కలనుంచి పిసికితే ప్రాణం పోయినట్టు అరిచాడంటే పులిపిరి. అరికాలి గీతలు ఆనె మీదుగా సాగిపోతాయి. పులిపిరి దగ్గరికి వచ్చేసరికి తెగిపోయి దాని చుట్టూ తిరిగిపోతాయి. పైనున్న చచ్చిన పొర పల్చగా గీస్తే ఆనె లోపల పసుపుపచ్చగా, గట్టిగా ఒక బొడిపె కనపడుతుంది. పులిపిరిలో నల్లటి చుక్కలు కనపడతాయి, ఇంకాస్త గీస్తే సూదిమొనంత చోట్ల రక్తం చిమ్ముతుంది. ఆ నల్ల చుక్కల్ని జనం విత్తనాలంటారు, అవి తవ్వి తీసేస్తే ఇంక మొలవదనుకుంటారు. అవి విత్తనాలు కావు, పులిపిరిలోకి పెరిగిన సన్న రక్తనాళాల్లో గడ్డకట్టిన రక్తం. సూదితో తవ్వుకున్నవాళ్ళు ఎంతమంది చీము పట్టించుకుని వచ్చారో.

ఆనె ఒత్తిడి వల్ల పుడుతుంది. చెప్పు ఒరుసుకున్నచోట, ఎముక పొడుచుకొచ్చినచోట చర్మం తనని తాను కాపాడుకోవడానికి దట్టమవుతుంది. ఆ ఒత్తిడి తీసేయకుండా ఎన్నిసార్లు చెక్కించినా మళ్ళీ వస్తుంది, రావాలి కూడా. దానికి మందుకంటే ముందు చెప్పు మార్చాలి. పులిపిరి సంగతి వేరు. అది వైరస్ పని.

ఆ సంగతి తేలి నూరేళ్ళు దాటింది. 1907లో ఇటలీలో చ్యూఫో అనే డాక్టరు పులిపిరిని నూరి, బాక్టీరియా కూడా దాటలేనంత సన్నటి వడపోతలో వడకట్టి, ఆ నీటిని తన చేతి చర్మంలోకే ఎక్కించుకున్నాడు. కొన్ని నెలలకి అక్కడ పులిపిర్లు లేచాయి. తరవాతి కాలంలో దానికి హ్యూమన్ పాపిలోమా వైరస్ అని పేరొచ్చింది, అందులో 200 పైగా రకాలు బయటపడ్డాయి. అరికాలికి వచ్చేవి ఎక్కువగా 1, 2, 4, 27, 57 రకాలు. పిక్కల మీద, మోకాళ్ళ మీద బల్లపరుపుగా గుంపులు గుంపులుగా వచ్చేవి 3, 10 రకాలు. ఇవి గర్భాశయ ముఖద్వార కేన్సరు తెచ్చే రకాలు కావు. ఆ కేన్సరు రాకుండా ఆడపిల్లలకి ఇప్పుడు వేస్తున్న టీకా ఈ పులిపిర్ల రకాల కోసం తయారైంది కాదు. టీకా వేయించాం కదా, పులిపిరి ఎందుకొచ్చిందని అడిగే తల్లులకి ఈ మాట ఎవరైనా చెప్పాలి.

ఇక మళ్ళీ మళ్ళీ ఎందుకు వస్తుంది? ఈ వైరస్ చర్మం పైపొరలోనే కాపురం పెడుతుంది. రక్తంలోకి దిగదు, తానున్న కణాన్ని చంపదు, వాపూ మంటా పెద్దగా పుట్టించదు. ఒంట్లోని కాపలాకి కబురే అందదు. పైగా పులిపిరి చుట్టూ మామూలుగా కనపడే చర్మంలో కూడా వైరస్ దాగి ఉంటుంది. చేలో తుంగ పైపైన కోస్తే మర్నాటికి మళ్ళీ తలెత్తుతుంది చూడండి, ఇదీ అంతే. కత్తితో కోసినా, కరెంటుతో కాల్చినా కంటికి కనపడింది పోతుంది, పక్కనున్నది మిగులుతుంది. అరికాలి మీద కోత పెడితే ఇంకో బాధ, అక్కడ మిగిలే మచ్చ. మనిషి బరువంతా ఆ మచ్చ మీదే పడుతుంది. పులిపిరి పోయినా మచ్చ నొప్పి బతికినంతకాలం ఉండిపోయినవాళ్ళని నేను చూశాను. అందుకే మా డాక్టరు గారు అరికాలి మీద కత్తి పెట్టనిచ్చేవారు కాదు. ఇప్పటి పెద్ద చర్మవైద్యులు కూడా కత్తిని చివరికే ఉంచుతారు.

మా రోజులన్నీ బంగారం అని నేననను. ఊళ్ళల్లో జరిగే మోటువైద్యం ఆసుపత్రికి చేరేసరికి ఏ రూపంలో చేరేదో నాకు తెలుసు. గుర్రపు వెంట్రుక కట్టేవాళ్ళు. కాడ ఉన్న బొడిపెకి ముడి బిగిస్తే రక్తం అందక రాలిపోయేది నిజమే, కానీ అరికాలిలో కూరుకుపోయినదానికి వెంట్రుక ఎక్కడ కడతారు? సున్నం, చాకలిసోడా తడిపి కలిపి పెట్టేవాళ్ళు. ఆ రెండూ కలిస్తే పుట్టేది కాస్టిక్ సోడా. పులిపిరితోపాటు పక్కచర్మం కూడా ఉడికిపోయేది. జిల్లేడు పాలు చుక్క వేసుకుని అదే చేత్తో కన్ను నులుముకుని, చూపు మసకబారి పరిగెత్తుకొచ్చినవాళ్ళున్నారు. నల్లజీడి గింజని దీపం మీద కాల్చి ఆ నూనె అంటించేవాళ్ళు. బట్టల మీద చెరగని గుర్తులు పెట్టే నూనె అది, చర్మం ఊరుకుంటుందా? కాలంతా బొబ్బలెక్కి, రసి కారి, వారాలపాటు కట్టు కట్టాల్సి వచ్చేది. వాళ్ళ నాన్న జీడి పెట్టిన పదేళ్ళ పిల్లాడి పాదం నాకింకా కళ్ళ ముందు ఉంది. ఏడవడానికి కూడా ఓపిక లేక చూస్తూ కూర్చున్నాడు.

మొక్కులూ ఉండేవి. మా వైపు నుంచి కూడా తమిళనాడులో వైదీశ్వరన్ కోయిల్ దాకా పోయి బెల్లం నీళ్ళలో కలిపి, ఉప్పూ మిరియాలూ సమర్పించి వచ్చేవాళ్ళు. తగ్గిందని చెప్పేవాళ్ళు, అబద్ధం కాదు. పులిపిరికి తనంతట తాను పోయే గుణం ఉంది. పిల్లల్లో మూడింట రెండొంతులు రెండేళ్ళలోపు ఏ మందూ లేకుండానే మాయమవుతాయి. కాపలా ఎప్పుడో ఒకనాడు మేలుకుంటుంది, మేలుకున్నాక ఒంటి మీదున్నవన్నీ కొద్ది వారాల్లో రాలిపోతాయి. మొక్కుకున్నవాళ్ళు ఆ రెండేళ్ళూ కాలిని తవ్వుకోకుండా, కాల్చుకోకుండా ఉన్నారు. వైద్యం తెలిసినవాడిగా చెబుతున్నాను, అదీ చిన్న విషయం కాదు. పెద్దవాళ్ళలో మాత్రం ఇంత త్వరగా పోదు. ఏళ్ళ తరబడి మొండికేస్తుంది.

ఆసుపత్రిలో మా చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే, సాలిసిలిక్ ఆమ్లం. తెల్లటి సన్న పొడి. కల్వంలో నూరేటప్పుడు ముక్కులోకి పోయి తుమ్ములు తెప్పించేది, అందుకని నాలుగు చుక్కలు స్పిరిట్ వేసి నూరేవాళ్ళం. తూకం వేసి వాజలీనులో కలిపితే ఆయింట్‌మెంటు. ఈథరు వాసన కొట్టే కొలోడియన్‌లో కరిగిస్తే రాసే మందు. ఆ కొలోడియన్ ఆరాక పెళుసుబారి ఊడిపోకుండా అందులో కాస్త ఆముదం, కర్పూరం పడేవి. ఇవాళ షాపుల్లో అట్టపెట్టెలో అమ్మే పులిపిరి మందు సీసా విప్పి చూడండి, లోపలున్నది దాదాపు అదే. వందకి పదహారు, పదిహేడు పాళ్ళు సాలిసిలిక్ ఆమ్లం, అంతే పాళ్ళు లాక్టిక్ ఆమ్లం, కొలోడియన్ బంక. ఆనెలకి అంటించే గుండ్రటి పట్టీల్లో ఉండేదీ అదే ఆమ్లం, నూటికి నలభై పాళ్ళు.

సీసా పాతదే, రాసే పద్ధతి పోయింది. మేం కాగితం మీద రాసిచ్చి, చదువు రానివాళ్ళకి చేసి చూపించి పంపేవాళ్ళం. రాత్రి పడుకోబోయే ముందు గోరువెచ్చని నీళ్ళలో పావుగంట కాలు నానబెట్టాలి. మెత్తబడ్డ తెల్లటి చచ్చిన పొరని గరుకురాయితోనో, గోళ్ళు అరగదీసే ఆకురాయితోనో రక్తం రాకుండా తోమాలి. ఆ రాయి దానికి మాత్రమే వాడాలి, ఇంట్లో ఇంకెవరూ ముట్టకూడదు, మంచి చర్మం మీద రుద్దకూడదు. తుడిచి ఆరనిచ్చి, చుట్టూ ఉన్న మంచి చర్మానికి వాజలీను పూయాలి. అప్పుడు పులిపిరి మీద మాత్రమే ఒక చుక్క. అది ఆరాక మళ్ళీ ఒక చుక్క. పైన ప్లాస్టరు. మర్నాడు రాత్రి మళ్ళీ మొదటినుంచి. మండి ఎర్రబడితే రెండు మూడు రోజులు ఆపి మళ్ళీ మొదలు. ఇలా పన్నెండు వారాలు. తోమకుండా చచ్చిన పొర మీదే రోజూ రాస్తూ పోతే ఆ మందు వైరస్ దాకా చేరేదెప్పుడు? ఇప్పుడు మందుల షాపులో సీసా చేతిలో పెడతారు, డబ్బు తీసుకుంటారు, అంతే. పెట్టెలోని కాగితం మీద అక్షరాలు నా కళ్ళద్దాలకి కూడా అందవు.

ఈ పాత ఆమ్లం పరువు మాటలతో నిలబెడుతున్నానని అనుకుంటారేమో. కాదు. పరీక్ష పెట్టి చూసినవాళ్ళున్నారు. బ్రిటన్‌లో యార్క్ విశ్వవిద్యాలయం వాళ్ళు పన్నెండేళ్ళు దాటిన 240 మంది అరికాలి పులిపిర్ల రోగుల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టు ఇంట్లోనే సాలిసిలిక్ ఆమ్లం రాసుకుంది, ఇంకో జట్టుకి ఆసుపత్రిలో లిక్విడ్ నైట్రోజన్‌తో గడ్డకట్టించారు. 2011లో ఫలితం అచ్చయింది. పన్నెండు వారాలకి పూర్తిగా పోయినవాళ్ళు రెండు జట్లలోనూ నూటికి 14 మందే. ఆరు నెలలకి రెండింటిలోనూ మూడోవంతు దాకా. గొప్ప ఫలితమని ఎవరూ అనలేరు. కానీ ఇంట్లో కాలు నానబెట్టుకుని రాసుకున్నవాడు, వరసకట్టి గడ్డకట్టించుకుని కుంటుతూ ఇంటికెళ్ళినవాడు ఒక్కచోటే తేలారు. అంతకు ఏడాది ముందు హాలండ్‌లో ఇలాంటిదే చేశారు. చేతుల మీదా ఇతర చోట్లా వచ్చే మామూలు పులిపిర్లకి గడ్డకట్టించడమే మెరుగని తేలింది, నూటికి 49 మందికి పోయాయి, ఆమ్లానికి 15, ఏమీ చేయకుండా ఊరుకుంటే 8. అరికాలి పులిపిర్లలో మాత్రం మూడింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి మోకాలి మీదుంటే ఒక లెక్క, అరికాల్లో ఉంటే ఇంకో లెక్క. ఒక్క సిట్టింగులో మాయం చేస్తామని బోర్డు పెట్టేవాళ్ళు ఈ తేడా ఎవరికైనా చెబుతున్నారా?

లిక్విడ్ నైట్రోజన్ అంటే సున్నాకి దిగువన 196 డిగ్రీల చలి. మా ప్రాంతంలో అది మనుషులకంటే ముందు పశువులకి వచ్చింది. కృత్రిమ గర్భధారణకి ఎద్దుల వీర్యం నిలవ చేసే డబ్బాల్లో ఉండేది అదే. ఇప్పటికీ చిన్న ఊళ్ళల్లో పశువుల ఆసుపత్రిలో ఉంటుందిగానీ మనుషుల ఆసుపత్రిలో దొరకదు. వాడకపోయినా ఆవిరైపోతూ ఉంటుంది కాబట్టి ఎప్పటికప్పుడు తెప్పించుకోవాలి. అందుకే మన దగ్గర చాలామంది కరెంటుతో కాల్చడం వైపు మొగ్గుతారు. గడ్డకట్టించడం మంచి వైద్యమే, కాదనను. కానీ పది నుంచి ముప్ఫై సెకన్లు పట్టి, రెండు మూడు వారాలకోసారి చొప్పున చాలాసార్లు చేయాలి. బొబ్బ ఎక్కుతుంది, అరికాల్లో అయితే నాలుగు రోజులు నడక కష్టం. మనలాంటి చామనఛాయ వాళ్ళకి ఆ చోట తెల్లమచ్చ మిగిలే అవకాశం ఉంది. పిక్క మీదో పాదం మీదో చేయించుకునే ఆడపిల్లకి ఈ మాట ముందే చెప్పాలి, చేసేశాక కాదు. ఒక్కసారి చేయించుకుని బొబ్బ చూసి భయపడి మళ్ళీ మొహం చూపించనివాళ్ళే ఎక్కువ.

మా రోజుల్లో లేనిదీ, ఉంటే ఎంత బాగుండేదో అని నేను మనసారా అనుకునేదీ ఒకటుంది. కాపలాని మేలుకొలిపే ఇంజెక్షన్లు. పిల్లలకి వేసే ఎం.ఎం.ఆర్. టీకా మందునో, విటమిన్ డి3నో, క్షయ పరీక్షకి వాడే పి.పి.డి. ద్రావణాన్నో అన్నిటికంటే పెద్ద పులిపిరిలోకి కొంచెంగా ఎక్కిస్తారు. ఒంట్లోని కాపలాదళం ఆ కొత్త మందుని చూసి అక్కడికి ఉరుకుతుంది, వచ్చాక ఇన్నాళ్ళూ పట్టించుకోని వైరస్‌ని కూడా పసిగడుతుంది. సూది పడిన పులిపిరే కాదు, రెండో కాలి మీద ఎవరూ ముట్టనివి కూడా రాలిపోవడం అందులోని అందం. మన దేశంలో చర్మవైద్యులు ఈ పని చాలా చేస్తున్నారు. అందులో వాడే ఇంకో మందు మన నేల మీదే పుట్టింది. ఢిల్లీలో జి.పి. తల్వార్ గారు కుష్ఠురోగుల కోసం తయారుచేసిన టీకా, మైకోబాక్టీరియం ఇండికస్ ప్రానీ. కుష్ఠు కోసం పుట్టిన మందు మొండి పులిపిర్లకీ పనికొచ్చింది. కుష్ఠు వార్డులో పనిచేసిన నాలాంటివాడికి అది ఎంత సంతోషమో చెప్పలేను.

దీనికీ ఓపిక కావాలి. రెండు మూడు వారాలకోసారి, మూడు నుంచి అయిదు సూదులు దాకా. సూది పడిన చోట నొప్పి, వాపు, ఒకటి రెండు రోజులు జ్వరం రావొచ్చు. గర్భిణులకీ, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్ళకీ ఎం.ఎం.ఆర్. వేయరాదు. ఈ మందులేవీ పులిపిరి కోసం తయారైనవి కావు, డాక్టరు తన అనుభవంతో వాడుతున్నవి. అందుకని వేసేది ఎవరో చూసుకోవాలి. రెండో సూదికి మానేసి, పనిచేయలేదని ఊరంతా చెప్పేవాళ్ళని ఏం చేయాలి?

మిగిలినవాటి గురించి ఎక్కువ చెప్పను. మొండివాటికి బ్లియోమైసిన్ అనే కేన్సరు మందు సూదిగా వేస్తారు. పనిచేస్తుంది, బాగా నొప్పి, నిపుణుల చేతిలోనే జరగాలి. డక్ట్ టేపు అనే గట్టి బంక టేపు అంటించి ఉంచితే చాలని 2002లో అమెరికాలో ఒక పరీక్ష గొప్పగా చెప్పింది, నూటికి 85 మందికి పోయాయని. నాలుగేళ్ళకి హాలండ్‌లో పిల్లల మీద చేస్తే నూటికి 16 దాటలేదు. హోమియో మాత్రలంటే మనవాళ్ళకి ప్రాణం. 1992లో కెనడాలో అరికాలి పులిపిర్ల మీదే పరీక్షించారు, ఉత్త పంచదార మాత్రలకీ వాటికీ తేడా రాలేదు. తూజా అనే హోమియో మందు వేసుకుంటే పోయిందని చెప్పే ఆప్తులు నాకున్నారు. పిల్లల్లో రెండేళ్ళ లెక్క పైన చెప్పాను, ఇంక వాదించను.

అసలు ఈ పులిపిర్లు ఇంతమంది పిల్లల కాళ్ళ మీదికి ఎందుకొస్తున్నాయో ఎవరైనా ఆలోచిస్తున్నారా? మేం వట్టి కాళ్ళతో పొలాల్లో తిరిగాం, మా కాళ్ళు పగిలేవి, ముళ్ళు దిగేవి. ఇప్పటి పిల్లలు బూట్లు వేసుకుంటారు, కానీ హాస్టళ్ళలో వందలమందికి నాలుగు స్నానాల గదులు. ఎప్పుడూ తడిసి ఉండే ఆ గచ్చు మీద, నానిన అరికాళ్ళతో, ఒకరి తరవాత ఒకరు. నానిన చర్మానికి చిన్న గీత పడితే వైరస్‌కి అదే దారి. పిల్లాడి నెలవారీ పరీక్షల మార్కులు అడుగుతారు, స్నానాల గదిలో వేసుకోవడానికి వాడికి విడిగా రబ్బరు చెప్పులున్నాయా అని అడిగే తల్లిదండ్రులు నాకు తగల్లేదు. పిల్లాడు కుంటుతూ సెలవులకి ఇంటికొచ్చేసరికి అరికాల్లో పులిపిర్లన్నీ కలిసి ఒక పలకగా పరుచుకుని ఉంటాయి. అప్పటికి కొన్ని నెలలు దాటిపోయి ఉంటాయి, ఎందుకంటే అంటుకున్న నెలల తరవాతే అది పైకి కనపడుతుంది.

ఆడపిల్లల పిక్కల మీద వచ్చే బల్లపరుపు పులిపిర్లది ఇంకో కథ. రేజరుతో కాళ్ళు గీసుకునే అలవాటు పెరిగింది. ఒకచోట రెండు పులిపిర్లుంటే రేజరు వాటిని కోసి, ఆ వైరస్‌ని గీత పొడవునా నాటుకుంటూ పోతుంది. అందుకే అవి వరసలు వరసలుగా లేస్తాయి. అలా వరస కనపడగానే రేజరు ఆపాలి. తగ్గేదాకా గీయకపోవడమే అక్కడ మొదటి వైద్యం. ఇది చెప్పడానికి సిగ్గెందుకు? మా రోజుల్లో సిగ్గుకి ఒక కారణం ఉండేది. జిల్లా ఆసుపత్రిలో ఆ గది ముందు చర్మ, సుఖ, కుష్ఠు వ్యాధులని ఒకే బోర్డు. ఆ గదిలోంచి బయటికొస్తుంటే ఎవరైనా చూస్తే పెళ్ళి తప్పిపోతుందని ఆడపిల్లల్ని తీసుకొచ్చేవాళ్ళే కాదు, తెచ్చినా చీకటిపడ్డాక మా కంపౌండరు గదికి తెచ్చేవాళ్ళు. ఇప్పుడు వీధికో చర్మవైద్యుడి బోర్డు ఉంది. అక్కడికి వెళ్ళేది మాత్రం ముఖం తెలుపు కోసం.

పిక్క మీద గట్టిగా, గోధుమరంగులో కందిగింజంత ముడి ఒకటి వస్తుంటుంది. రెండు పక్కలనుంచి నొక్కితే పైకి లేవకుండా లోపలికి గుంట పడుతుంది. అది పులిపిరి కాదు, దోమకాటో ముల్లో మానినచోట మిగిలిపోయే గట్టిదనం కావొచ్చు. హాని చేయదు, దాన్ని అలా వదిలేయాలి. దాని మీద పులిపిరి ఆమ్లం రాసి పుండు చేసుకోవడం నిష్కారణంగా తెచ్చుకునే బాధ. ఏది వదిలేయాలో చెప్పడం కూడా వైద్యమే. ఆ మాట చెప్పినందుకు ఫీజు రాదు కాబట్టి చెప్పేవాళ్ళు తక్కువ.

నన్ను రాత్రిళ్ళు నిద్రపోనివ్వనిది మాత్రం షుగరు వాళ్ళ కాళ్ళు. 2023లో వచ్చిన లెక్క ప్రకారం దేశంలో షుగరు ఉన్నవాళ్ళు 10 కోట్లు దాటారు. మా రోజుల్లో తాలూకా మొత్తానికి వేళ్ళ మీద లెక్కపెట్టేవాళ్ళం. షుగరు ముదిరితే అరికాలికి స్పర్శ పోతుంది, రక్తం అందడం తగ్గుతుంది. అలాంటి కాలికి ఆనెల పట్టీ అంటిస్తే ఆమ్లం మంచి చర్మాన్ని తినేస్తున్నా నొప్పి తెలియదు. తెలిసేసరికి పుండు, పుండు మీద చీము, తరవాత వేలు, తరవాత పాదం. పట్టీ పెట్టె మీద షుగరువాళ్ళు వాడొద్దని రాసి ఉంటుంది. అమ్మేవాడు అడగడు, కొనేవాడు చెప్పడు. కాలి మీద ఏం లేచినా షుగరు ఉన్న మనిషి ఇంట్లో బ్లేడు, ఆమ్లం, వేడినీళ్ళు ఏవీ ముట్టకుండా డాక్టరుకి చూపించుకోవాలి. చెక్కడం అవసరమైతే వాళ్ళే చెక్కుతారు. నా తమ్ముడి వరసవాడొకడు, బంగారంలాంటి మనిషి, ఈ పట్టీ మూలంగానే బొటనవేలు పోగొట్టుకున్నాడు. షాపులో అడిగి కొన్నాడు. ఒక్క ప్రశ్న, "మీకు షుగరుందా అండీ" అని అడిగి ఉంటే చాలేది.

ఇంకొకటి. ఎన్ని మందులు వాడినా పోకుండా, పెరుగుతూ, తాకితే రక్తం కారుతూ, వాసన వేసే అరికాలి పులిపిరి అసలు పులిపిరే కాకపోవచ్చు. అరికాల్లో పులిపిరి వేషం వేసుకుని సంవత్సరాల తరబడి నెమ్మదిగా పెరిగే కేన్సరు ఒకటుంది. మెలనోమా అనే నల్లమచ్చ కేన్సరు తెల్లవాళ్ళ రోగమని అనుకుంటాం. మనలాంటి చర్మం వాళ్ళకి వచ్చినప్పుడు అరికాల్లో, గోరు కింద ఎక్కువగా వస్తుంది, కొన్నిసార్లు నలుపు లేకుండా ఎర్రగా కూడా ఉంటుంది. యాభై దాటినవాళ్ళకి అరికాల్లో కొత్తగా లేచి మూడు నాలుగు నెలలైనా మానకపోతే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి. ముక్క తీస్తే కేన్సరు పాకిపోతుందనే భయంతో ఆలస్యం చేసి కాలు పోగొట్టుకున్నవాళ్ళు మా వార్డులోనే ఉండేవాళ్ళు. ముక్క తీస్తే పాకదు. తీయకపోతే అది ఏదో ఎప్పటికీ తెలియదు.

ఇప్పుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బీపీకీ షుగరుకీ నెలనెలా మాత్రలు ఇస్తున్నారు. మంచి పని, మా కాలంలో ఊహించలేనిది. వచ్చినవాళ్ళకి రక్తం చుక్క తీస్తారు, బీపీ చూస్తారు, మాత్రలిచ్చి పంపుతారు. చెప్పులు విప్పమనేవాళ్ళే ఉండరు. విప్పించాలి. రెండు అరికాళ్ళూ, మడమలూ, వేళ్ళ సందులూ చేత్తో తడిమి చూడాలి. పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు, వెలుతురు, భూతద్దం, కాలికి అయిదు నిమిషాలు చాలు. ఏదైనా కనపడితే ఎక్కడ, ఎన్ని, ఎంత వెడల్పు అని కొలిచి మాత్రల పుస్తకంలోనే తేదీతో రాయాలి. వచ్చే నెల ఇంకొకరు చూసినా అది పెరిగిందో తగ్గిందో అప్పుడే తెలుస్తుంది.